మనసును కొలిచే కొలబద్ద ఎవరిది?



పోయిన సంచికలో సౌరకుటుంబం, అంతకు ముందు మలేరియా దోమ. ఈసారి మనసు గురించి రాయమని తెలుగు మేడమ్ అన్నారు. మనసు గురించి నాకేం తెలుసు అని ముందు భయపడ్డాను. కానీ మా పెద్దక్క విశాఖపట్నంలో డిగ్రీ చదువుతోంది, అందులో సైకాలజీ ఒక సబ్జెక్టు. సైకాలజీ అంటే మనస్తత్వ శాస్త్రం. మనిషి ఎలా ఆలోచిస్తాడు, ఎలా గుర్తుపెట్టుకుంటాడు, ఎందుకు భయపడతాడు, మనసు దెబ్బ తింటే ఎలా బాగుచెయ్యాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. అక్క సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని తన పాఠాలు చెప్పింది. రెండు రాత్రులు విన్నాను. తర్వాత తన నోట్సు కూడా అడిగి తెచ్చుకున్నాను. ఇందులో ఉన్న సంగతులు అక్కవి, తప్పులుంటే నావి.

ముందు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నేను ఆరో తరగతిలో చేరిన కొత్తలో పిల్లల తెలివితేటలు చూస్తామని కొందరు వచ్చారు. ఎవరో, ఎక్కణ్ణుంచో రాయను. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచారు. నన్ను పిలిచినాయన చేతిలో గడియారం, కాగితాలు. మా ఇంట్లో కువి మాట్లాడతాం. అప్పటికి నాకు తెలుగు సగమే వచ్చు, అది కూడా సంత తెలుగు.

మొదట ఒక బొమ్మ చూపించి "ఇందులో ఏం లేదు?" అన్నారు. అది తలుపు బొమ్మ. నాకు అన్నీ ఉన్నట్టే కనిపించింది. గొళ్ళెం లేదట. మా ఇంటికి తడిక కడతాం, దానికి గొళ్ళెం ఎక్కడుంటుంది? తర్వాత "పులి, ఆవు, గడ్డి. వీటిలో ఏ రెండు ఒక జట్టు?" అన్నారు. ఆవు, గడ్డి అన్నాను. తప్పట. పులీ, ఆవూ జంతువులు కాబట్టి అవి జట్టట. (పులినీ ఆవునీ ఒక జట్టులో ఉంచితే సాయంత్రానికి ఎన్ని మిగులుతాయో మా తాతను అడగాలి.) "దారిలో డబ్బు దొరికితే ఏం చేస్తావు?" అంటే ఊరి పెద్దకు ఇస్తానన్నాను. కాగితం మీద పోలీస్ స్టేషన్ అని ఉందట. ఆ తర్వాత నేను తల దించుకుని ఊరుకున్నాను. మా ఊళ్ళో పెద్దవాళ్ళు గట్టిగా అడుగుతుంటే కళ్ళల్లోకి చూడడం మర్యాద కాదు. ఆయన ఏదో రాసుకున్నారు. ఆ ఏడాదంతా నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టారు. "మొద్దు" అని పేరు కూడా పడింది. ఆ పేరు పెట్టినవాళ్ళు ఇప్పుడు ఇది చదువుతూనే ఉంటారు, ఫరవాలేదు.

ఈ కథ చెప్పగానే అక్క నవ్వి, "నీకంటే ముందు ఆస్ట్రేలియాలో జరిగింది ఇది" అంది.

ఆస్ట్రేలియా ఖండంలో తెల్లవాళ్ళు రాకముందు నుంచీ, వేల వేల ఏళ్ళుగా ఉంటున్న ఆదివాసులు ఆబోరిజినల్ ప్రజలు. ఉత్తరాన దీవుల్లో ఉండే టోరెస్ జలసంధి ద్వీపవాసులు మరొక జనం. 1929లో స్టాన్లీ పోర్టియస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆబోరిజినల్ ప్రజల తెలివిని కొలవడానికి ఆ దేశపు వాయవ్య ప్రాంతానికీ, మధ్య ఎడారికీ వెళ్ళాడు. ఆయన తయారు చేసిన పరీక్ష ఒకటుంది. కాగితం మీద చిక్కుదారులు గీసి ఉంటాయి, పెన్సిలు పెట్టి బయటికి దారి కనుక్కోవాలి. బాలమిత్రలో కుందేలుకు దారి చూపించండి అని వచ్చేవి చూశారు గదా, అలాంటివే.

అక్కడ ఒక తమాషా జరిగింది. పరీక్షకు కూర్చున్న మనిషి కొంచెం గీసి, ఆగి, పోర్టియస్ ముఖం చూసేవాడట. "నువ్వూ చెప్పవేం?" అన్నట్టు. ఎందుకంటే వాళ్ళ ఊళ్ళో ఏ చిక్కు వచ్చినా పెద్దలంతా కూర్చుని, అందరూ ఒక మాట మీదకు వచ్చేదాకా మాట్లాడుకుంటారు. ఒక్కడే కూర్చుని తేల్చే అలవాటు లేదు. పైగా కొన్ని చోట్ల వాళ్ళు పోర్టియస్‌ను తమ తెగలో అన్నదమ్ముడిగా కలుపుకున్నారు. అన్న అయ్యుండి సాయం చెయ్యడేమిటని వాళ్ళకు ఆశ్చర్యం! ఈ సంగతి పోర్టియస్ స్వయంగా రాసుకున్నాడు. అంటే ఆయనకు కనిపించింది. కనిపించినా మార్కులు మాత్రం ఆయన కొలబద్దతోనే వేశాడు. 1931లో తెచ్చిన పుస్తకానికి ఆ జనాన్ని ఆదిమ జనం అంటూ పేరు పెట్టాడు. నాకైతే ఆయన మీద కోపం కంటే జాలి ఎక్కువ వచ్చింది. జవాబు ఎదురుగా కూర్చుని ఆయన ముఖంలోకి చూస్తుంటే, ఆయన తన కాగితం చూసుకున్నాడు.

ఇక రెండో కథ. ఇది నాకు చాలా ఇష్టం, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

జూడిత్ కీరిన్స్ అనే ఆవిడ పశ్చిమ ఆస్ట్రేలియాలో మనస్తత్వ శాస్త్రం చదివింది. ఆబోరిజినల్ పిల్లలు పరీక్షల్లో వెనకబడతారని అందరూ అంటున్న రోజులవి. ఆవిడ ప్రశ్నను తిప్పి వేసింది. వీళ్ళకు రానిది ఏమిటి అని కాకుండా, ఎడారిలో బతకాలంటే ఏ తెలివి కావాలి అని అడిగింది. అక్కడ నీటి గుంట ఏ రాయి పక్కన ఉందో, ఏ చెట్టు దాటాక తిరగాలో గుర్తు లేకపోతే ప్రాణం పోతుంది. కాబట్టి ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకునే శక్తి వాళ్ళకు బాగా ఉండాలి అనుకుంది. దానికి తగిన ఆట తయారు చేసింది.

ఆట ఇది. గడులు గీసిన పలక మీద 20 వస్తువులు వరసగా పెడతారు. 30 సెకన్లు చూడనిస్తారు. తర్వాత అన్నీ కుప్పగా పోసేస్తారు. ఏది ఏ గడిలో ఉందో మళ్ళీ సర్దాలి. అంతే. మాట్లాడక్కర్లేదు, రాయక్కర్లేదు, ఇంగ్లీషు రానక్కర్లేదు. వస్తువులు మారుస్తూ నాలుగు రకాలుగా ఆడించింది. ఒకసారి మనుషులు చేసిన రకరకాల వస్తువులు, ఒకసారి బయట దొరికే రకరకాల వస్తువులు, ఒకసారి అన్నీ సీసాలే, ఒకసారి అన్నీ రాళ్ళే.

ఎడారి ప్రాంతపు ఆబోరిజినల్ పిల్లలు నాలుగు ఆటల్లోనూ తెల్లపిల్లలను మించిపోయారు! ఇంట్లో వాడే వస్తువులు పెట్టినా, రాళ్ళు పెట్టినా వాళ్ళకు ఒకటే. తెల్లపిల్లలు "కత్తెర, గాజు, తాళం" అని లోపల్లోపల పేర్లు గొణుక్కుంటూ గుర్తుపెట్టుకోవాలని చూశారట. అన్నీ రాళ్ళే అయితే ఏ పేరు పెట్టి గొణుక్కుంటారు? ఆబోరిజినల్ పిల్లలు మాత్రం కదలకుండా, నిశ్శబ్దంగా, నిదానంగా చూశారు. ఎలా గుర్తుపెట్టుకున్నావంటే అది ఎలా ఉందో చూసి గుర్తుపెట్టుకున్నాను అన్నారట. ఈ పరిశోధన 1981లో అచ్చయింది.

ఇక్కడ ఒక మాట. దీన్నిబట్టి ఒక జాతి పిల్లలు పుట్టుకతోనే గొప్ప, ఇంకొకరు తక్కువ అని కాదు. అలా అంటే మనమూ పోర్టియస్ చేసిన పనే తిరగేసి చేసినట్టు. ఏ పిల్లలు ఏ నేల మీద, ఎలాంటి పనుల మధ్య పెరిగారో ఆ తెలివి పదునెక్కుతుంది. కొలిచేవాడికి ఆ నేల తెలియకపోతే ఆ తెలివి వాడి కాగితంలో పట్టదు.

కాగితంలో పట్టకపోతే ఏమైంది, మార్కులే గదా అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో సుమారు 1910 నుంచి 1970 దాకా ప్రభుత్వ చట్టాల ప్రకారమే ఆబోరిజినల్ పిల్లలను తల్లిదండ్రుల నుంచి లాక్కుని, దూరంగా సంస్థల్లో, మిషన్లలో, తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పెట్టారు. చాలామందికి సొంత భాష మాట్లాడే వీలు కూడా లేకుండా చేశారు. వాళ్ళను "దొంగిలించబడిన తరాలు" అంటారు. దీనిమీద 1997లో పెద్ద నివేదిక వచ్చింది. ప్రతి పదిమంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా అలా పోయారని అందులో ఉంది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. మనం హాస్టల్లో ఉన్నాం గదా, మనదీ అంతేనా అని నేను అక్కను అడిగాను. "కాదే, నిన్ను నాన్న భుజాన పెట్టె మోసుకొచ్చి దింపాడు, దసరాకి సంక్రాంతికి తీసుకెళ్తాడు. వాళ్ళ నాన్నలకు పిల్లలు ఎక్కడున్నారో కూడా చెప్పలేదు" అంది. అది వేరు, ఇది వేరు. కానీ ఆరో తరగతిలో రాత్రిపూట దుప్పటి కప్పుకుని ఏడవని వాళ్ళు మనలో ఎంతమంది?

ఆ ఏడుపు గురించి కూడా అక్క నోట్సులో ఉంది. ట్రేసీ వెస్టర్‌మన్ అనే ఆబోరిజినల్ మనస్తత్వ శాస్త్రవేత్త పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతం మనిషి. తమవాళ్ళు సొంత నేలకు దూరమైతే కుంగిపోతారనీ, ఆ సంగతి తెలియని డాక్టరు దాన్ని డిప్రెషన్ అనే జబ్బుగా రాసేస్తాడనీ ఆవిడ చెప్పింది. వాళ్ళ ఇంగ్లీషులో "కంట్రీ" అంటే దేశం కాదు. తాతముత్తాతలు నడిచిన నేల, కొండ, నీరు, అక్కడి దేవతలు అన్నీ కలిపి కంట్రీ. మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ళ లెక్కలో మనసు బాగుండడమంటే ఒంటరిగా తలకాయ బాగుండడం కాదు. ఒళ్ళు, మనసు, కుటుంబం, ఊరు, ఆచారం, నేల, పూర్వీకులు, ఈ ఏడూ బాగుండాలి. ఇప్పుడు అక్కడి సైకాలజీ పుస్తకాల్లో ఈ ఏడింటినీ పాఠంగా పెట్టారు.

అలాగని జ్వరమొచ్చినా గురువు దగ్గరికే వెళ్ళాలని నేను అనడం లేదు. ఏ.ఎన్.ఎం. అక్క నన్ను కొడుతుంది. నిజంగా డిప్రెషన్ అనే జబ్బు కూడా ఉంది, దానికి మందులూ ఉన్నాయి. ఏది జబ్బో, ఏది బెంగో విడదీసి చూడగలిగేవాడు కావాలి.

అలా చూడగలగడాన్నే "కల్చరల్ కాంపిటెన్స్" అంటారట. తెలుగులో ఏమనాలో అక్కా, నేనూ చాలాసేపు ఆలోచించాం. ఎదుటివారి బతుకు తెలిసి మెలగడం అనుకుందాం. అంటే వాళ్ళ పండగలు, నాట్యాలు తెలుసుకోవడమేనా? కాదు. మన దగ్గరికి ఎవరొచ్చినా ముందు థింసా ఆడిస్తారు, ఫొటో తీసుకుంటారు, వెళ్ళిపోతారు. వాళ్ళకు మనం తెలిసినట్టా? అసలు సంగతేమిటంటే, తన చేతిలో ఉన్న కొలబద్ద కూడా ఒక ఊళ్ళో తయారైందే, అది దేవుడిచ్చింది కాదు అని కొలిచేవాడికి తెలియడం. ఊరుకున్నవాణ్ణి చూసి వీడికి రాదు అనుకోకుండా, ఈ ఊళ్ళో ఊరుకోవడానికి అర్థం ఏమిటో అడగడం. ఆస్ట్రేలియా ఉత్తరాన డేలీ నది దగ్గర ఒక తెగ భాషలో "దదిరి" అనే మాట ఉంది. లోపలికంటా, నెమ్మదిగా, నిశ్శబ్దంగా వినడం అని దాని అర్థం. మిరియం రోజ్ ఉంగున్‌మర్ బౌమన్ అనే టీచరమ్మ ఆ మాటను బయటి ప్రపంచానికి చెప్పింది. ఆవిడకు 2021లో ఆ దేశపు సీనియర్ ఆస్ట్రేలియన్ అవార్డు వచ్చింది. చూడండి, మనకు "మొద్దు" అని పేరు పడేది దేనికో, అక్కడ దానికి అవార్డు వచ్చింది!

మరి ఇది కాలేజీలో ఎవరు నేర్పాలి? అక్కడే అసలు చిక్కు. ఆబోరిజినల్ ప్రజల గురించి తెల్ల ప్రొఫెసరు తెల్ల విద్యార్థులకు చెబితే మళ్ళీ మొదటికే వస్తుంది. ఆ జనం నుంచి చదువుకున్నవాళ్ళు కావాలి. పాట్ డడ్జియన్ అనే ఆవిడ కింబర్లీ ప్రాంతపు బార్దీ తెగ మనిషి. ఆస్ట్రేలియాలో మొట్టమొదటి ఆబోరిజినల్ సైకాలజిస్టు ఆవిడే అంటారు. 2008లో తమవాళ్ళ సైకాలజిస్టుల సంఘం పెట్టారు, దానికి మొదట పెద్దగా ఆవిడే ఉంది. 2013లో ఆవిడ నాయకత్వంలోనే ఒక పెద్ద పని మొదలైంది. యూనివర్సిటీల్లో సైకాలజీ పాఠాలను ఎలా మార్చాలి, ఉద్యోగానికి వెళ్ళే సైకాలజిస్టుకు ఏమేం తెలిసి ఉండాలి, ఆబోరిజినల్ పిల్లలు ఆ కోర్సులో చేరి మధ్యలో మానకుండా ఎలా నిలబడాలి, ఈ మూడింటికీ పద్ధతులు రాశారు. ఇది 2016లో పూర్తయింది. 2019 నుంచి వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం అక్కడ సైకాలజీ కోర్సుకు గుర్తింపు కావాలంటే ఈ విషయం చెప్పి తీరాలి.

అదే 2016 సెప్టెంబరులో ఇంకొకటి జరిగింది. ఆస్ట్రేలియా సైకాలజిస్టుల సంఘం బహిరంగంగా క్షమాపణ చెప్పింది. మీ నమ్మకాలను లెక్క చెయ్యకుండా జబ్బు పేర్లు పెట్టాం, సరిపోని పరీక్షలు పెట్టి మీ తెలివి గురించి తప్పుడు మాటలు ప్రచారం చేశాం, మా లాభం కోసం మీ మీద పరిశోధనలు చేశాం, మీ పిల్లలను లాక్కుపోతుంటే నోరెత్తలేదు అని ఒప్పుకున్నారు. ఇకమీద ఎక్కువ వింటాం, తక్కువ మాట్లాడతాం అన్నారు. నాకు పరీక్ష పెట్టినాయన ఎప్పుడైనా ఇలా అంటాడా అని ఆలోచించాను.

క్షమాపణతో అంతా అయిపోలేదు. 2021 లెక్క ప్రకారం ఆ దేశ జనాభాలో ఆదివాసులు 3.8 శాతం. సైకాలజిస్టుల్లో మాత్రం అప్పటికి వందకు ఒక్కరు కూడా లేరు. ఎందుకు? సైకాలజిస్టు కావాలంటే అక్కడ సుమారు ఆరేళ్ళు చదవాలి. ఊరు వదిలి పట్నంలో ఉండాలి. క్లాసులో కూర్చుంటే తమ అమ్మానాన్నల గురించే తాగుడు, జైళ్ళు, ఆత్మహత్యలు అంటూ లెక్కలు వినాలి. వెస్టర్‌మన్ తన సొంత డబ్బు పెట్టి స్కాలర్‌షిప్పు మొదలుపెట్టింది, మారుమూల ఊళ్ళ నుంచి వచ్చే ఆబోరిజినల్ పిల్లలు ఈ చదువు పూర్తి చెయ్యాలని.

అక్క ఈ భాగం చెబుతూ కాసేపు ఆగిపోయింది. వాళ్ళ క్లాసులో కొండల నుంచి వచ్చింది తానొక్కతే. ఒకరోజు గిరిజనుల మూఢనమ్మకాలు అనే పాఠం వచ్చిందట. క్లాసంతా వెనక్కి తిరిగి తనవైపు చూశారట. "ఏం చేశావక్కా?" అన్నాను. "లేచి నిలబడ్డాను. కాళ్ళు వణికాయి. మా ఊళ్ళో ఒకామె బిడ్డ పోయాక మాట్లాడడం మానేస్తే, గురువు వచ్చి రాత్రంతా ఊరందరినీ ఆమె చుట్టూ కూర్చోబెట్టాడు, తెల్లారేసరికి ఆమె ఏడ్చింది, ఏడ్చాక అన్నం తింది, దీన్ని ఏ పేజీలో రాస్తారు అని అడిగాను" అంది. లెక్చరర్ గారు కాసేపు ఏమీ అనలేదట. తర్వాతి వారం ఆ పాఠం తననే చెప్పమన్నారట. మంచివారు.

ఇప్పుడు మన హాస్టలుకు వస్తాను. ఈ ఏడు ఆరో తరగతిలో చేరిన ఒక చెల్లి ఎవరితోనూ మాట్లాడదు. మీ అందరికీ తెలుసు, పేరు రాయను. పిలిస్తే తల దించుకుంటుంది. స్టడీ అవర్లో కిటికీలోంచి కొండ వైపు చూస్తుంది. ఈ పిల్లకు తెలివి తక్కువ, ఇంటికి పంపేస్తే మేలు అన్న మాట నా చెవిన పడింది. ఎవరన్నారో అనవసరం.

పోయిన ఆదివారం నేను కీరిన్స్ ఆట ఆడించాను. సుద్దముక్కతో గడులు గీసి, ఏటి దగ్గర ఏరిన 20 రాళ్ళు పెట్టాను. ముందు నేను ఆడాను, నాకు 7 సరిగా వచ్చాయి. చెల్లి కదలకుండా చూసింది. తర్వాత తొందర లేకుండా ఒక్కొక్కటే పెట్టింది. 16! ఒక్క ఆటతో ఏదీ తేలిపోదు, తెలుసు. కానీ ఆట అయ్యాక చెల్లి తల ఎత్తి కువిలో నాతో ఒక మాట అంది. నువ్వు రాళ్ళ ముఖాలు చూడడం లేదు అంది. ఇన్నాళ్ళకు నేను విన్న మొదటి మాట అది.

వార్డెన్ మేడమ్ గారికి నా విన్నపం. ఆ చెల్లి గురించి కాగితం మీద ఏదైనా రాసేముందు, కువి వచ్చిన పెద్ద క్లాసు అమ్మాయిని ఒకరిని రోజూ స్టడీ అవర్లో పక్కన కూర్చోబెట్టండి, కనీసం దసరా దాకా. నేను కూర్చుంటాను. పబ్లిక్ పరీక్షలున్నాయి గదా అంటారేమో, నా పుస్తకం నేను అక్కడే చదువుకుంటాను.

ఆట మళ్ళీ ఈ ఆదివారం టిఫిన్ అయ్యాక, డైనింగ్ హాలు వరండాలో. టీచర్లు కూడా ఆడవచ్చు. రాళ్ళు మాత్రం ఒకే సైజువి తీసుకురండి.

- పదో తరగతి విద్యార్థిని